తడి పగులు

ఆ జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి పిహ్లా తన పెళ్ళి సరస్సు మీద, మంచు చక్రం మీద జరగాలని చెప్పింది. అందరం కాఫీ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నాం. నా భర్త ఓయివా యాలకుల బన్నులు అప్పుడే పొయ్యిలోంచి తీశాడు. మా మరిది తాయిస్తో నోట్లో బన్నుతోనే చప్పట్లు కొట్టాడు. నేనేమీ అనలేదు. అనకపోవడం చూసి పిహ్లా నా వైపు తిరిగింది.

"అమ్మా, ఇప్పట్నుంచే మొదలెట్టకు," అంది.

నేను అప్పటికే మొదలెట్టేశాను. పెళ్ళి మార్చి నెల నడిమధ్యలో. ఆ ఏడు చలి ఆలస్యంగా వచ్చింది. సరస్సు మీద మంచుగడ్డ ఇంకా పలచగా ఉండగానే దాని మీద మంచు కురిసి దుప్పటిలా కప్పేసింది. అలా కప్పేస్తే కింద గడ్డ పెరగదు. ఇవన్నీ బన్ను కొరుకుతూ మనసులోనే అనుకున్నాను.

మా కుయిక్క సరస్సు మీద ప్రతి చలికాలం తాయిస్తో ఒక చక్రం కోస్తాడు. గడ్డలో ఒక గుంజ నిలబెట్టి, దానికి తాడు కట్టి, చుట్టూ గుండ్రంగా గీత గీస్తాడు. ఆ గీత వెంబడి పొడుగు రంపాలతో కోసుకుంటూ పోతే లోపలి గుండ్రం చుట్టూ ఉన్న గడ్డ నుంచి విడిపోయి నీళ్ళ మీద తేలుతుంది. ఒక అంచున కన్నం చేసి బ్యాటరీతో నడిచే చిన్న పడవ మోటారు దించితే చాలు, మెల్లగా తిరగడం మొదలెడుతుంది. పిల్లలు దాని మీద కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. అడవీ, ఇళ్ళూ, చర్చి గోపురం చుట్టూ తిరుగుతూ పోతాయి. పిహ్లా కోరిక కూడా అదే. తను ఒక చోట నిలబడితే ఊరంతా తన చుట్టూ తిరగాలంది. అందుకోసం బాబాయి ఇంతవరకూ కోయనంత పెద్ద చక్రం కోయాలి. పెళ్ళికి వచ్చిన వాళ్ళందరూ దాని మీదే నిలబడాలి.

నా పేరు రౌహా. మా భాషలో శాంతి అని అర్థం. ఊళ్ళో వాళ్ళు దాని మీద వేసే జోకులు నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. చాలా ఏళ్ళు నేను సరస్సు మీద వేసే చలికాలపు దారి చూసుకునే ఉద్యోగం చేశాను. అవతలి ఒడ్డుకు కార్లు, పాలబండ్లు గడ్డ మీదుగానే పోయేవి. పొద్దున్నే బొరియలు వేసి మందం కొలిచి, దారి తెరవాలో మూయాలో చెప్పడం నా పని. నా కాలంలో ఒక్క బండి కూడా మునగలేదు. అందరికంటే ముందే నేను మూసేయడం వల్ల మునగలేదో, ఎలాగూ మునిగేవి కావో, అది ఎవరికీ తెలియదు. తరవాత చలికాలాలు వెచ్చబడి ఆ దారినే ఎత్తేశారు. నా చేతిలో బొరియలు వేసే మర మాత్రం మిగిలింది.

ఫిబ్రవరిలో వాన పడింది. గడ్డ మీద వాన అంటే మా వాళ్ళకి పెద్ద విశేషం కాదు గానీ, ఆ వాన మూడు రోజులు ఆగకుండా పడింది. సరస్సు పైనంతా నీళ్ళు నిలిచి, తరవాత అవి తెల్లగా, పాలవిరుగుడులా గడ్డకట్టాయి. తెల్ల గడ్డ, నల్ల గడ్డ ఒకటి కావు. నల్లగా, గాజులా ఉండేది గట్టిది. తెల్లది చూడ్డానికి మందంగా ఉంటుంది, బలం మాత్రం సగమే. నేను రోజూ వెళ్ళి బొరియ వేసి చూసేదాన్ని. మూరెడు మందంలో సగానికి పైగా తెల్లదే.

తాయిస్తోకి అది చెబితే, సగం నల్లదైనా చాలన్నాడు. అతను ఊరకే అనలేదు. అతనికీ గడ్డ తెలుసు. చిన్నప్పట్నుంచీ దాని మీదే పెరిగాడు. ఈసారి యంత్రపు రంపం వద్దని, పాల డెయిరీ కోసం సరస్సులో గడ్డలు కోసే కాలం నాటి చేతి రంపాలు పాకలోంచి తీసి, పళ్ళు పదును పెట్టించాడు. అన్న కూతురి పెళ్ళికి పొగ కంపు ఉండకూడదట. మనిషంత పొడుగున్న ఆ రంపాన్ని నిలబెట్టి పట్టుకుని పైకీ కిందకీ లాగుతూ కోయాలి. ఊళ్ళో మగవాళ్ళూ ఆడవాళ్ళూ వంతులు వేసుకుని కోశారు. నేనూ కోశాను. నేను కోస్తే అందరికీ ఆశ్చర్యమేసింది. కోయకపోతే ఏం చేయను? ఒడ్డున నిలబడి చూస్తుంటే ఇంకా భయంగా ఉండేది. రంపం పట్టుకుంటే కనీసం గడ్డ లోపల ఎలా ఉందో చేతికి తెలుస్తుంది. కొన్ని చోట్ల రంపం వెన్నలో దిగినట్టు దిగేది. అలా దిగిన చోటల్లా రంపం ఆపి వంగి చూసేదాన్ని.

శనివారం సాయంత్రం నేనూ పిహ్లా ఒడ్డునున్న ఆవిరి స్నానపు సౌనాలో కూర్చున్నాం. ఆవిరి పట్టాలని తను కాగిన రాళ్ళ మీద నీళ్ళు చల్లుతోంది. ఒళ్ళంతా చెమట్లు. అప్పుడు చెప్పాను, పెళ్ళి ఒడ్డునే చేసుకోమని, చక్రాన్ని పక్కన తిప్పుకోవచ్చని. తను ఇంకో చెంబు నీళ్ళు చల్లింది. రాళ్ళు సుయ్యిమన్నాయి.

"చిన్నప్పుడు అందరి అమ్మలూ చక్రం ఎక్కేవాళ్ళు," అంది చివరికి. "నువ్వు ఒక్కసారి కూడా ఎక్కలేదు."

"ఎవరో ఒకరు ఒడ్డున ఉండాలి కదే."

"ఎందుకుండాలి?"

ఏదో జరిగి ఉంటే చెప్పేదాన్ని. నా కళ్ళ ముందు ఎవరూ మునగలేదు, మా ఇంట్లో ఎవరూ చావలేదు. ఒట్టి భయం, కారణం లేని భయం. దాన్ని కూతురికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. వేడి ఎక్కువైందని చెప్పి బయటికి వచ్చేశాను.

పెళ్ళికి ముందు రోజుకల్లా చక్రం తయారైంది. తాయిస్తో మోటారు దించి తిప్పి చూపించాడు. మా ఇంటి పెరడంత గడ్డ, ఒక్క కుదుపు లేకుండా కదిలింది. చుట్టూ గడ్డ ముక్కలు లాగేసిన చోట గజం వెడల్పున నల్లటి నీటి గీత. దాని మీదుగా చక్రం ఎక్కడానికి ఒక పెద్ద చెక్క పలక వంతెనలా వేశారు. ఎవరో ఫర్ చెట్టు కొమ్మలు తెచ్చి అంచంతా గుచ్చారు. అందంగా ఉంది. అందంగా లేదని నేనెప్పుడూ అనలేదు.

పెళ్ళి రోజు పొద్దున్నే నేనూ తాయిస్తో ఇద్దరం వెళ్ళాం. రాత్రికి నీటి గీత మళ్ళీ గడ్డకట్టి ఉంటుంది కాబట్టి దాన్ని పగలగొట్టి తెరవాలి. అతను ఆ పని చూస్తుంటే నేను చక్రం మీద అటూ ఇటూ నడిచాను. నడిమధ్య గుంజకు కాస్త ఇవతల నా కాలి కింద ఒక గీత కనిపించింది.

గడ్డ మీద పగుళ్ళు ఎప్పుడూ ఉంటాయి, పాత గాజు మీద గీతల్లాగా. పొడిగా ఉన్నంత వరకు వాటిని ఎవరూ పట్టించుకోరు. తడి పగులు అలాంటిది కాదు. అందులో నీళ్ళు కనబడితే అది కిందిదాకా పోయిందని అర్థం. నేను బోర్లా పడుకుని, చేతి తొడుగు తీసి వేలితో రాశాను. వేలు తడిసింది. పగులు వెంట్రుకంత సన్నం. ఒక అంచు నుంచి రెండో అంచు దాకా పోయినట్టే ఉంది గానీ, తెల్ల గడ్డలో కొంత దూరం పోయాక కంటికి ఆనలేదు.

తాయిస్తోని పిలిచాను. అతను మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు.

"ఇది పైన కరిగిన తడి, వదినా. మొన్నటి ఎండకి."

"అయ్యుండొచ్చు," అన్నాను.

"కిందిదాకా పోయినా, రాత్రి చలికి అతుక్కుపోయి ఉంటుంది."

"అయ్యుండొచ్చు."

"మరింకేంటి?"

చుట్టూ సరస్సంతా ఒకటిగా ఉన్న చోట పగులు వచ్చినా ఫర్వాలేదు, పక్క గడ్డ ఆదుకుంటుంది. చక్రానికి పక్కన ఎవరూ లేరు. రెండు ముక్కలైతే ఏ ముక్కకా ముక్క. పెళ్ళికూతుర్ని చూడాలని జనమంతా ఒక వైపుకి జరిగితే చాలు, ఆ ముక్క పళ్ళెంలా ఒరుగుతుంది. ఇవన్నీ అతనికి తెలియనివి కావు. అతనికి ఒరగదనిపించింది, నాకు ఒరుగుతుందేమో అనిపించింది. అంతే తేడా.

పిహ్లాకి చెప్పమన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. చెప్పాలంటే నువ్వే చెప్పు, ఇవాళ దాని మొహం చూస్తూ ఆ మాట నేను అనలేను అన్నాడు. ఇంటికి నడిచాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. పిహ్లా అద్దం ముందు కూర్చుని ఉంది. తెల్లటి ఉన్ని గౌను, కాళ్ళకు మందపాటి ఉన్ని బూట్లు. స్నేహితురాలు ఎవరో జుట్టు జడలుగా చుట్టి, మధ్యమధ్య లింగన్ అనే అడవి మొక్క ఆకులు గుచ్చుతోంది. తను అద్దంలోంచే నన్ను చూసింది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

దేన్ని గురించి అడిగిందో నాకు తెలుసు. తెలిసే, "బాగుంది," అన్నాను. నోరు అలా పలికింది. తను నవ్వింది.

మధ్యాహ్నానికి పెళ్ళికొడుకు రాస్ముస్ తరఫు వాళ్ళు బస్సులో దిగారు. వాళ్ళది పడమటి తీరం. చేపలు పట్టే కుటుంబం. ఒడ్డూపొడుగూ ఉన్న మనుషులు, గట్టిగా నవ్వే మనుషులు. అందరూ ఒడ్డు దిగి గడ్డ మీద నడుచుకుంటూ చక్రం వైపు వస్తున్నారు. ముందర పెళ్ళి జరిపించే మా పాస్టరమ్మ, నల్ల అంగీ మీద లావాటి చలికోటు వేసుకుని, బైబిలు చంకలో పెట్టుకుని. ఆమె అడుగు పలక మీద పడితే ఇక మిగతా వాళ్ళని ఎవరూ ఆపలేరు. అది తట్టగానే నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. ఆమెను దాటి ముందుకు వెళ్ళి, వంగి, పలక చివర పట్టుకుని వెనక్కి లాగాను.

పలక నీళ్ళు తాగి బరువెక్కి ఉంది. సగం దూరం వచ్చి ఆగిపోయింది. రెండో చివర చక్రం అంచున ఆనుకుని, చక్రంతోపాటే పక్కకి జరుగుతోంది. నేను మళ్ళీ లాగాను. రాలేదు. జనం నిలబడిపోయారు. మోటారు చప్పుడొక్కటే వినబడుతోంది. అప్పుడు ఓయివా చేతిలో ఉన్న కేకు పళ్ళేన్ని పక్కనున్న ఎవరి చేతిలోనో పెట్టి వచ్చాడు. నా మొహం వైపు కూడా చూడలేదు. చక్రం వైపు వంగి రెండో చివర పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి పలకను ఇవతలికి తెచ్చి గడ్డ మీద పడేశాం.

పిహ్లా రాస్ముస్ చెయ్యి వదిలి ముందుకు వచ్చింది.

"అమ్మా, అది మళ్ళీ అక్కడ పెట్టు."

"పెట్టను."

"బాగుందన్నావు పొద్దున."

"నీ జుట్టు బాగుందన్నాను," అన్నాను.

జనంలో ఎవరో నవ్వాపుకోలేక కిసుక్కుమన్నారు. పిహ్లా నవ్వలేదు. తన మొహం తెల్లగా పాలిపోయింది. తాయిస్తో తల దించుకుని బూటుతో గడ్డను గీకుతున్నాడు. పగులు ఉందని నేను గట్టిగానే చెప్పాను. కిందిదాకా ఉందా అని రాస్ముస్ మర్యాదగా అడిగాడు. తెలియదన్నాను. ఆ మాట వినగానే అంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తెలియకుండానే ఇంత పని చేసిందా అన్నట్టుగా.

పాస్టరమ్మ మాత్రం కోటు బొత్తాలు సరిచేసుకుని, ఇక్కడ చదివినా దేవుడికి వినబడుతుంది అని బైబిలు తెరిచింది. పెళ్ళి అక్కడే, చక్రం పక్కన గట్టి గడ్డ మీద జరిగింది. ఆమె వెనక చక్రం ఖాళీగా తిరుగుతూనే ఉంది, ఖాళీ కుర్చీలతో, ఫర్ కొమ్మలతో. మోటారు ఆపాలని ఎవరికీ తోచలేదు. పెళ్ళి ప్రమాణానికి అవునని చెప్పేటప్పుడు కూడా పిహ్లా కళ్ళు దాని మీదే ఉన్నాయి.

ఒడ్డున పెద్ద గంగాళంలో సాల్మన్ చేపల సూపు మరుగుతోంది. అందరూ తిన్నారు, తాగారు. సాయంత్రం ఎర్రబడుతుండగా ఎవరో అకార్డియన్ అందుకున్నారు. మొదట ఒడ్డునే జంటలుగా నాట్యమాడారు. తరవాత రాస్ముస్ వాళ్ళ తమ్ముళ్ళూ బావలూ పలక ఎత్తుకెళ్ళి మళ్ళీ వేశారు. ఒకడు పరుగున వెళ్ళి చక్రం నడిమధ్య ఎగిరి దూకాడు. ఏమీ కాలేదు. ఇంకొకడు వెళ్ళాడు. ఆ తరవాత అందరూ వెళ్ళారు. అకార్డియన్ వాయించే ఆయన కుర్చీ వేసుకుని గుంజ పక్కనే కూర్చున్నాడు.

పిహ్లా నా పక్కనుంచే వెళ్ళింది. నన్ను చూడలేదు. రాస్ముస్ పలక దగ్గర ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు, తరవాత పిహ్లా వెంట వెళ్ళాడు.

నేను పాకకి వెళ్ళి, ఎవరైనా నీళ్ళలో పడితే అందించడానికి తాడూ, నిచ్చెనా తెచ్చుకున్నాను. నీటి గీతకు దగ్గరగా, పడుకుని చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడ్డాను. జనం ఒక పక్కకి ఊగినప్పుడల్లా గీతలో నీళ్ళు పైకి లేచి నా బూట్ల మీదకి పొర్లేవి. మళ్ళీ దిగేవి. పాట మారితే అడుగులు మారేవి, అడుగులు మారితే నీళ్ళు ఇంకో రకంగా లేచేవి. నేను వాళ్ళ మొహాలు చూడలేదు. నీళ్ళే చూశాను. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా పిహ్లా తెల్ల గౌను నా ముందునుంచి జరిగిపోయేది.

ఎప్పుడో ఓయివా కాఫీ తెచ్చి నా పక్కన పెట్టాడు. అది అక్కడే చల్లారింది.

ఒకసారి సరస్సు అవతలి వైపు నుంచి ఫిరంగి పేలినట్టు పెద్ద చప్పుడు వచ్చింది. అకార్డియన్ ఆగింది. చక్రం మీద అంతా బిగుసుకుపోయారు. నా చేతిలో తాడు చుట్ట విప్పుకుంది. అయితే అది చలి పెరిగి గడ్డ బిగుసుకున్నప్పుడు వచ్చే చప్పుడు. అలా అరిచిందంటే గడ్డ గట్టిపడుతోందనే. తాయిస్తో ఆ మాట చక్రం మీంచి కేకేసి చెప్పాడు. అంతా నవ్వారు. పాట మళ్ళీ మొదలైంది.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఒక్క మూల విరిగితే బాగుండును అనుకున్నాను. ఎవరూ లేని మూల, చిన్న ముక్క, ఎవరి బూటూ తడవకుండా. విరిగితే అందరూ దిగుతారు, పిహ్లా నా వైపు చూస్తుంది. ఆ కోరిక నా లోపలే పుట్టిందని తెలిసి తాడు మళ్ళీ చుట్ట చుట్టుకున్నాను. అయినా అది పోలేదు. చీకటి పడి అందరూ చలికి తట్టుకోలేక దిగిపోయేదాకా నాతోనే ఉంది.

ఏమీ విరగలేదు.

పిహ్లా వాళ్ళ నాన్నని వాటేసుకుని, బస్సెక్కి తీరానికి వెళ్ళిపోయింది.

ఆ వారం నుంచి చలి విజృంభించింది. జనవరిలో రావలసిన చలి మార్చి చివర్లో వచ్చింది. చక్రం చుట్టూ గీత మూసుకుపోయి, సరస్సూ చక్రమూ ఒకటైపోయాయి. తాయిస్తో తన ట్రాక్టరుని దాని మీదుగా నడిపించి, అవతలి గట్టున కట్టెలు వేసుకుని తిరిగి వచ్చాడు. నన్ను ఎత్తిపొడవాలని కాదు, కట్టెలు కావలసి వచ్చాయంతే. కానీ ఊరంతా చూసింది. నేను కొట్లోకి అడుగు పెడితే కొట్టువాడు సీరియస్‌గా మొహం పెట్టి, "రౌహా, మా గచ్చు మీద నడవచ్చంటావా?" అని అడిగాడు. ఆ మర్నాడు పోస్టాఫీసులోనూ అదే అడిగారు. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చి వంటగదిలో కుర్చీలో కూలబడ్డాను.

పిహ్లా ఫోను చేయలేదు. వాళ్ళ నాన్నకి చేసేది. అతను పిండి చేతులతో ఫోను చెవికి ఆనించుకుని ఊ కొట్టేవాడు. పెట్టేశాక, కులాసాగానే ఉందట అని మాత్రం చెప్పేవాడు.

ఒక రోజు అతను రొట్టె కోసం రై ధాన్యపు పిండి పిసుకుతుంటే ఎదురుగా కూర్చుని, ఆ రోజు నీకేమనిపించింది అని అడిగాను. అన్ని రోజులూ అడగడానికి భయపడ్డ మాట అది.

"గడ్డ బాగానే ఉందనిపించింది," అన్నాడు.

"మరి పలక ఎందుకు పట్టావు?"

అతను పిండి ముద్దను తిరగేసి, మళ్ళీ పిసికాడు.

"బరువుగా ఉంది కదా," అన్నాడు.

నేను లేచి వెళ్ళి అతని చొక్కా చేతులు జారిపోతుంటే మోచేతుల పైకి మడిచాను.

ఏప్రిల్‌లో, పనిరోజు మధ్యాహ్నం, పిహ్లా ఒక్కతే వచ్చింది. చిన్న సంచీతో బస్సు దిగి నడుచుకుంటూ వస్తుంటే కిటికీలోంచి చూశాను. మొదట వచ్చిన ఆలోచన, మొగుడితో గొడవపడిందేమోనని. రెండోది, నాతో గొడవ పడ్డానికి వచ్చిందేమోనని. తను లోపలికి వచ్చి కోటు విప్పి, ఆకలేస్తోందంది. బఠాణీ సూపు వేడిచేసి పెట్టాను. చెంచా పట్టుకుంది గానీ తినలేదు. ఫోను పళ్ళెం పక్కనే పెట్టుకుంది. మాటిమాటికీ దాన్నే చూస్తోంది.

"రాస్ముస్ ఇంకా వలలకి పోతున్నాడమ్మా," అంది.

నేను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సముద్రం మీద గడ్డ ఇంకా ఉంది. పొద్దున్నే వాళ్ళన్నయ్యా తనూ దాని కింద వేసిన వలల కోసం చాలా దూరం నడిచి పోతారు. గాలి తిరిగితే ఆ గడ్డ ఒడ్డు నుంచి విడిపోతుందట. పోయిన ఏడు పక్కూరి వాళ్ళని హెలికాప్టర్‌లో తెచ్చారట. రాస్ముస్ వాళ్ళమ్మ అల్లిక పెట్టుకుని కూర్చుని, రేపు ఏం వండుదాం అంటుంది. నేను మాత్రం కిటికీ దగ్గర్నుంచి కదల్లేను. పోవద్దన్నాను. నవ్వాడు. ఇవాళ ఆ కిటికీ దగ్గర ఇంక నిలబడలేకపోయా. ఇక్కడికొస్తే తగ్గుతుందనుకున్నా."

"తగ్గిందా?"

"లేదు."

తన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే ఆ మాటలు ఆగిపోతాయేమోనని పట్టుకోలేదు. తను సూపులో చెంచా తిప్పుతూ, పెళ్ళినాటి సాయంత్రం సంగతి తనంతట తనే ఎత్తింది. చక్రం మీద ఆడుతుంటే ప్రతి చుట్టులోనూ నేను కనబడ్డానట. కాళ్ళు నొప్పెట్టి, చలేసి, దిగుదామని రాస్ముస్ అడిగినా దిగలేదట.

"నిన్ను ఇంకాస్సేపు అక్కడే నిలబెట్టాలని ఆడాను," అంది. "అంత కోపంగా ఉంది నాకు."

"ఊ."

"నీకు చలేసిందా?"

"వేసింది."

తను తలెత్తి నన్ను చూసింది. పెళ్ళి రోజు నుంచి అప్పటిదాకా తను నన్ను అలా చూడలేదు.

"అంతసేపు ఎలా నిలబడ్డావమ్మా?"

నాకు గొప్ప మాటలేమీ తట్టలేదు. కాళ్ళు మార్చుకుంటూ నిలబడాలని చెప్పాను. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకోమన్నాను. రాస్ముస్ తిరిగి వచ్చాక మాత్రం ఏమీ అనకు, ముందు తిండి పెట్టు అన్నాను. తను బుద్ధిగా వింటోంది, వంట నేర్చుకుంటున్నట్టు.

ఫోను మోగింది. ఇద్దరం దాని వైపు చూశాం. తను తీసి, చెవికి పెట్టుకుని, మామూలు గొంతుతో మాట్లాడింది. ఎన్ని చేపలు పడ్డాయని అడిగింది. బట్టలు ఆరేసుకోమంది. తను రెండు రోజులుండి వస్తానంది. పెట్టేశాక చెంచా ఎత్తబోయింది. సూపు బల్ల మీద ఒలికింది. ఓయివా పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, రొట్టె ముక్కకి వెన్న రాసి, చిన్నపిల్లకి పెట్టినట్టు తన చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. తను తింది.

సాయంత్రం పిహ్లా లేచి రేడియో పెట్టింది. సముద్రపు వాతావరణం చెప్పే వేళ. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మా ఇంట్లో అది ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆ రోజు ముగ్గురం విన్నాం. తను వెళ్ళిపోయాక కూడా మానలేదు. ఇప్పటికీ చలికాలం వస్తే రోజూ ఆ వేళకి ఓయివా పిండి పిసకడం ఆపుతాడు, నేను కుళాయి కట్టేస్తాను. చదివే మనిషి ఒక్కో తీరం పేరు, గాలి ఎటు నుంచి వీస్తుందో, ఎంత జోరుగా ఉందో, తొందర లేకుండా చెబుతూ పోతుంది. పిహ్లా వాళ్ళ ఊరు వచ్చేదాకా మేమిద్దరం మాట్లాడుకోం.